డిలీట్ లిస్టులో లేని డబ్బా

ఈయనా చంటీ ఎప్పుడో పడుకున్నారు. నాకే, మధ్యాహ్నం మీటింగులో విన్న మాట ఇంకా అరగలేదు. "థియరీ ఎందుకు మేడం, రన్ చేస్తే తెలిసిపోతుంది కదా!" అన్నదెవరో కాదు, మా టీములో కుర్రాడే.

గొడవంతా గోదాము రోబోల ప్లానర్ గురించి, అంటే రోబోలు ఏ పని తర్వాత ఏ పని చేయాలో లెక్కేసే ప్రోగ్రాము. దాని ఫైల్లో వాడు రాసిన వాస్తవాలు: డబ్బా బండి మీద ఉంది, బండి 4వ వరుసలో ఉంది. ఇవి చాలక, వెతకడం తొందరగా అవుతుందని "డబ్బా 4వ వరుసలో ఉంది" అని కూడా రాసిపెట్టాడు. బండి 7వ వరుసకు వెళ్లింది. డిలీట్ లిస్టులో, అంటే ఆ పని జరిగాక తుడిచేయాల్సిన వాస్తవాల జాబితాలో, బండి పాత చోటు ఒక్కటే ఉంది కాబట్టి ప్లానర్ లెక్కలో డబ్బా ఇంకా నాలుగులోనే. రన్ చేస్తే ఏం తెలుస్తుంది నా మొహం? ప్లాన్ దొరికిందని దర్జాగా చెబుతుంది.

1971లో ఫైక్స్, నిల్సన్ అనే పరిశోధకులు స్ట్రిప్స్ అనే ప్లానర్ రాసినప్పటి ఒప్పందమే ఇది: పని దేన్ని తుడుస్తుందో, దేన్ని చేరుస్తుందో చెప్పు, చెప్పనిది ఉన్నట్టే ఉంటుంది.

బెంగళూరు మారతహళ్లి ఇంట్లో దిగినప్పుడు అమ్మ నోటుబుక్కు ఇలాంటిదే. "జాతకాల సంచి: బీరువా కింది అర. బీరువా: ముందుగది." ఊరుకోక, "జాతకాల సంచి: ముందుగది" అని ఇంకో లైను. సాయంత్రం ప్యాకర్ల కుర్రాళ్లు బీరువాను వెనకగదిలోకి నెట్టారు. అమ్మ బీరువా లైను ఒక్కటే దిద్దింది. చెల్లి సంబంధం వాళ్లు ఫోన్ చేస్తే, నాన్న ఆ పుస్తకం పట్టుకుని ముందుగదిలో అట్టపెట్టెలన్నీ విప్పించారు. "బీరువాలో ఉందండీ" అని అమ్మ వంటింట్లోంచి మొత్తుకుంటున్నా వినరే! "రాసింది నువ్వేగా" అంటారు.

సరే, వాడి నోరు మూయిద్దామని లిఫ్షిట్జ్ 1986 పేపరు తెరిచాను. స్ట్రిప్స్‌కు తర్కం ప్రకారం అర్థం చెప్పింది అందులోనే. మార్చదగ్గ వాక్యాలు ఏవో ముందే ఎంచుకోవాలి, మిగతావి మోడల్లో, అంటే ప్లానర్ రాసుకున్న లోకం లెక్కలో, ఉండాలంటే ఏ పరిస్థితిలోనైనా నిజం కావాలి. చదువుతుంటే నాకే కోపం కాస్త దిగింది. ఆ ఒక్క లైను తప్ప వాడి ఫైలంతా అచ్చం ఇలాగే ఉంది, విడివిడి చిన్న వాస్తవాలే. తెలిసి చేశాడో, అలవాటుగా వచ్చేసిందో! ఆ లైను కూడా ఉత్తినే పెట్టలేదు. 2004లో ప్లానర్లకు సమస్యలు రాసే భాష పీడీడీఎల్ 2.2లో డిరైవ్డ్ ప్రెడికేట్లు, అంటే వేరే వాస్తవాల నుంచి తేలే వాస్తవాలు, వచ్చింది ఇలాంటి వాటికే. ఏ పనీ వాటిని నేరుగా మార్చదు, ప్రతి స్థితిలోనూ కొత్తగా తేలతాయి.

రేపు ఆ లైనును అలా మార్చమంటాను, పేపరు ఊసెత్తను. మళ్లీ "థియరీ ఎందుకు మేడం" అన్నాడో, ప్రింటు తీసి కీబోర్డు మీదే పెడతా.