నా విమోచకుడు సజీవుడు: యోబు మాట, హాండెల్ పాట

ఈస్టర్ రోజు చీకటితోనే లేచి సమాధుల తోటకు వెళ్తాం. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. ఆ వెలుగులో ఎన్నో రాళ్ల మీద ఒకే వాక్యం కనిపిస్తుంది: "అయితే నా విమోచకుడు సజీవుడనియు, తరువాత ఆయన భూమిమీద నిలుచుననియు నేనెరుగుదును." బైబిలులో యోబు గ్రంథం 19:25. చాలాకాలం దీన్ని చనిపోయినవారి కోసం చెప్పే ఓదార్పు మాటగానే చదివాను. సంగీతకర్త హాండెల్ ఈ వాక్యానికి కట్టిన పాట వెనక కథ తెలిశాక ‘విమోచకుడు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

హెబ్రీలో ఆ మాట ‘గోయేల్’. దగ్గరి బంధువు అని. మనవాడు చితికిపోయి పొలం అమ్ముకుంటే దాన్ని విడిపించాల్సినవాడు, తనను తానే అమ్ముకుంటే వెల కట్టి ఇంటికి తెచ్చుకోవాల్సినవాడు. లేవీయకాండం 25లో ఈ బాధ్యత స్పష్టంగా ఉంది. బైబిలులోని రూతు కథలో, విధవరాలైన రూతుకు దగ్గరి బంధువు బోయజు చేసింది ఇదే.

ఇప్పుడు యోబు 19ని మొదటి నుంచి చదవండి. అన్నదమ్ములు దూరమయ్యారు. బంధువులు రావడం మానేశారు. పనివాణ్ణి పిలిస్తే పలకడు. కట్టుకున్న భార్యకు అతని ఊపిరే అసహ్యం. పదిమంది పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో, విడిపించాల్సిన చుట్టాలే మొహం చాటేసిన చోట కూర్చుని ఆయన అంటున్నాడు: నాకు ఒక బంధువు ఉన్నాడు, బతికే ఉన్నాడు, నాకు తెలుసు. అన్నీ పోయినా ఈ ఒక్క మాటను ఆయన వదలలేదు.

జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685లో జర్మనీలోని హాల్లె పట్టణంలో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డాడు. అక్కడ ఇటాలియన్ ఆపెరాలతో, అంటే పాటలతో నడిచే నాటకాలతో, పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఆపెరాలకు ఆదరణ తగ్గింది. 1737లో పక్షవాతంలాంటి జబ్బు చేసి కుడిచేయి పడిపోయింది. ఆకెన్ వేడినీటి బుగ్గల దగ్గర చికిత్సతో కోలుకున్నాడు. చార్లెస్ జెన్నెన్స్ బైబిలు వాక్యాలను ఏర్చి కూర్చి ఇచ్చిన ‘మెస్సీయ’ అనే గాన కృతికి 1741 ఆగస్టు 22న స్వరాలు రాయడం మొదలుపెట్టి, సెప్టెంబరు 14కల్లా ముగించాడు. 24 రోజులు!

అందులో అందరికీ తెలిసింది హల్లెలూయ కోరస్ అనే బృందగానం. కానీ దాని తర్వాత ఏం వస్తుందో గమనించండి. అంతటి బూరలు, భేరీల మోత ఆగాక మూడో భాగం ఒక్క స్త్రీ గొంతుతో మొదలవుతుంది. తోడు వయొలిన్లు, కింద బేస్, అంతే. యోబు ఒంటరిగా అన్న మాటను ఒంటరి గొంతుకే ఇచ్చాడు హాండెల్. కొంత పాడాక 1 కొరింథీ 15:20 కలుస్తుంది: "ఇప్పుడైతే నిద్రించినవారిలో ప్రథమఫలముగా క్రీస్తు మృతులలోనుండి లేపబడియున్నాడు." లేవడం గురించిన ఆ మాట చివరిసారి వచ్చే చోట స్వరం కూడా మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నా కళ్లు చెమరుస్తాయి.

మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, ఫిషాంబుల్ వీధిలోని హాల్లో. ఎక్కువమంది పట్టాలని, ఆడవాళ్లను వెడల్పాటి హూప్ గౌన్లు లేకుండా, మగవాళ్లను కత్తులు లేకుండా రమ్మని కోరారు. 700 మంది వచ్చారని చెబుతారు. సుమారు 400 పౌండ్లు పోగయ్యాయి. అందులో మూడో వంతు, అప్పు తీర్చలేక జైల్లో మగ్గుతున్నవారిని విడిపించడానికి. మిగతాది రెండు ఆసుపత్రులకు. ఆ డబ్బుతో 142 మంది విడుదలయ్యారని లెక్క. ఎవరో వెల కట్టారు, వాళ్లు ఇంటికి వెళ్లారు. గోయేల్ చేసే పని సరిగ్గా ఇదే కదా!

1750 నుంచి లండన్‌లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథ పిల్లల ఆశ్రమం కోసం ఏటా ‘మెస్సీయ’ పాడించాడు. వీలునామాలో ఆ స్వరప్రతిని వాళ్లకే రాసిచ్చాడు. చివరి ఏళ్లలో చూపు పోయింది. 1759 ఏప్రిల్ 14న, గుడ్ ఫ్రైడేకీ ఈస్టర్‌కీ మధ్య శనివారం కన్నుమూశాడు.

యోబు ఈ వాక్యానికి ముందే ఒక కోరిక కోరాడు. తన మాటలు ఇనుప పోగరతో బండమీద చెక్కి, ఎప్పటికీ నిలిచేలా ఉంటే బాగుండునని. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో హాండెల్ పాలరాతి విగ్రహం ఉంది. శిల్పి రూబిలియాక్ చెక్కినది, 1762లో ఆవిష్కరించారు. హాండెల్ ముందు ఒక స్వరపత్రం తెరిచి ఉంటుంది. ఆ రాతి కాగితం మీద ఉన్నది ఈ పాటే: నా విమోచకుడు సజీవుడని నేనెరుగుదును.