రెండు సీన్ల వేషం

కడపలో ఏడు రోడ్ల దగ్గర మా ఫోటో స్టూడియో. ముహూర్తాల రోజుల్లో పెళ్లి వీడియోలు తీస్తాను. మిగతా రోజుల్లో అమ్మతో కలిసి యూట్యూబ్ కోసం నవ్వుల వీడియోలు చేస్తాను. నీళ్ల ట్యాంకర్ రాని రోజు అమ్మ కోపమంతా నా మీద పడటం, దోసెలో కారం తక్కువైందని మేనమామ అలగడం, ఇలాంటివే. ప్రకటనల డబ్బు కళ్లచూడాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నది మేము మొదలుపెట్టినప్పటి లెక్క. అది దాటడానికి మాకు రెండేళ్లు పట్టింది.

నిరుడు హైదరాబాదు నుంచి ఆడిషన్‌కు పిలుపు వచ్చింది. రాత్రి బస్సెక్కి, పొద్దున్నే కృష్ణానగర్‌లో స్నేహితుడి గదిలో స్నానం చేసి వెళ్లాను. అక్కడి కుర్రవాడు నా చానెల్ తెరిచి సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూశాడు. వీడియో ఒక్కటీ చూడలేదు. "మీ సీమ యాసలో ఒక డైలాగ్ చెప్పండి" అన్నాడు. ట్యాంకర్ వీడియోలోని మాటలు చెప్పాను. "అలా కాదు, తొడగొట్టి చెప్పండి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా మా వీధిలో ఎవరైనా తొడ మీద కొట్టుకుంటే అది దోమ కోసమే.

లోపలి గదిలో ఉన్న పెద్దాయన మరో మాట అన్నారు. "రోజూ ఫోనులో ఉచితంగా కనిపించే ముఖానికి టికెట్ ఎవరు కొంటారు?" ఒళ్లు మండింది గాని, ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. మూడు నిమిషాలు నవ్వించినవాడు రెండున్నర గంటలు కూర్చోబెట్టగలడా అన్న అనుమానం న్యాయమైనదే. కాకపోతే సినిమా విడుదలకు వారం ముందు మాత్రం, మా హీరోతో ఒక రీల్ చేయండి అని మాలాంటివాళ్లకే ఫోన్లు చేస్తారు. అప్పుడు ఉచితంగా కనిపించే ముఖమే కావాలి!

దారే లేదని అనను. షార్ట్ ఫిల్మ్‌ల నుంచి వచ్చిన సుహాస్ 2020లో ‘కలర్ ఫోటో’ హీరో అయ్యాడు, అయితే అంతకుముందు ఎన్నిసార్లు హీరో పక్కన స్నేహితుడిగా నిలబడ్డాడో. మా రాయచోటి వైపు నుంచి వెళ్లిన కిరణ్ అబ్బవరం కూడా షార్ట్ ఫిల్మ్‌లు చేసి, 2019లో తొలి సినిమాతో తెరకెక్కినవాడే. ప్రొద్దుటూరు మహేష్ విట్టాను జనం గుర్తుపట్టింది ముందు యూట్యూబ్‌లో, అదీ మా యాసతోనే.

చివరికి నాకూ రెండు సీన్లు ఇచ్చారు. ఒక్క రోజు షూటింగ్. డబ్బింగ్‌కు కబురు చేస్తామన్నారు, చేయలేదు. సినిమా వచ్చిన రోజు అమ్మను, చిన్నాన్నను మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లాను. తెర మీద నేను నోరు తెరవగానే ఎవరిదో బొంగురు గొంతు వినిపించింది. మాట మాటకూ "రేయ్" తగిలించి అరుస్తోంది. తర్వాత మేనేజరుకు ఫోన్ చేస్తే, నా గొంతులో సీమ తక్కువైందట. కడపలో పుట్టి పెరిగినవాడికి!

హాల్లో మాత్రం నేను కదల్లేదు. చీకట్లో అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "నోరు నీదే నాయనా, గొంతు ఎవరిది?" అంది.

మొన్న దాన్నే వీడియోగా తీశాం. అమ్మ ఒకే టేకులో చెప్పేసింది.