బండిలో పొడవాటి వైరు, దాని చివర చిన్న పిన్ను

స్విచ్చి బండి వెనకెక్కడో ఉంటుంది, దాన్ని చదివే మన ఎలక్ట్రానిక్ బోర్డేమో డ్యాష్‌బోర్డు కింద. మధ్యలో మూడు నాలుగు మీటర్ల వైరు. దాన్ని నేరుగా మైక్రోకంట్రోలర్ (బోర్డుని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) పిన్నుకి కలిపి, చిప్‌లో ఉన్న పుల్-అప్ (స్విచ్చి తెరిచి ఉన్నప్పుడు పిన్నుని సప్లై వోల్టేజ్ వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఆన్ చేసి, బల్ల మీద పనిచేసింది కాబట్టి బండిలోనూ పనిచేస్తుందనుకునే డిజైన్లు చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. బల్ల మీద హారన్ లేదు, సెల్ఫ్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు.

చిప్ లోపలి పుల్-అప్ సాధారణంగా 20 నుంచి 50 కిలో ఓమ్‌లు ఉంటుంది, అంటే చాలా బలహీనం. అదే కట్టలో పక్కనే రిలే (కాయిల్ సాయంతో పనిచేసే స్విచ్చి) వైరు పోతుంటే, ఆ కాయిల్ ఆఫ్ అయిన క్షణంలో పుట్టే వందల వోల్టుల స్పైక్‌లో కొంత మన వైరులోకి ఎక్కుతుంది, స్విచ్చి ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు చిప్ చదువుతుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి 12 వోల్టుల లైనునే ఇన్‌పుట్‌గా తీసుకుంటే కథ ఇంకా పెద్దది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ కనెక్షన్ ఊడితే వచ్చే లోడ్ డంప్, అణిచే ఏర్పాటు లేని బండిలో 100 వోల్టుల దాకా వెళ్తుంది, 400 మిల్లీసెకన్ల దాకా ఉండగలదు.

చాలామంది ఆ వోల్టేజ్‌ని చూసి భయపడతారు గానీ, పిన్నుని చంపేది అందులోకి దూరే కరెంట్. కాబట్టి మొదటి రక్షణ సిరీస్ రెసిస్టరే, అంటే వైరుకీ పిన్నుకీ మధ్య వరసగా పెట్టేది. లెక్క వేసి చూడండి: 100 వోల్టులు 10 కిలో ఓమ్‌ల గుండా వస్తే దాదాపు 10 మిల్లీఆంపులు. ఎస్‌టీఎం32 రకం మైక్రోకంట్రోలర్ పిన్నుల్లో చాలావాటికి 5 మిల్లీఆంపులే హద్దు, 5 వోల్టులు తట్టుకుంటాయని రాసి ఉండే పిన్నులకైతే లోపలికి కరెంట్ అసలు పంపకూడదు. అందుకే నేను రెండు 10కె (10 కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు వరసగా పెట్టి, మధ్య నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫ్యారడ్ కెపాసిటర్, పిన్ను దగ్గర బ్యాట్54ఎస్ షాట్కీ డయోడ్ల జత (పిన్ను వోల్టేజ్ హద్దు దాటితే కరెంట్‌ని పక్కకి మళ్ళించేవి) పెడతాను. రెండు రెసిస్టర్లు ఎందుకంటే, మామూలు 0603 సైజు (బోర్డు మీద అతికించే చిన్న రకం) రెసిస్టర్ తట్టుకునేది 75 వోల్టులే, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. 12 వోల్టుల లైనుకైతే వీటికి తోడు పిన్ను నుంచి గ్రౌండ్‌కి ఇంకో రెసిస్టర్ పెట్టి డివైడర్ (వోల్టేజ్‌ని పంచి తగ్గించే ఏర్పాటు) చేయాలి, వైరు లోపలికొచ్చే కనెక్టర్ దగ్గరే టీవీఎస్ డయోడ్ (స్పైక్‌ని అణిచే రకం) పెట్టాలి.

స్విచ్చి వైరుకి బయట 1కె పుల్-అప్ పెడితే కాంటాక్టుల మీద కొన్ని మిల్లీఆంపులు పారి అవి శుభ్రంగా ఉంటాయి, వైరు కూడా గట్టిగా నిలబడుతుంది. కానీ ఆ 1కె గుండానే స్పైక్ తిన్నగా 3.3 వోల్టుల రైలు (చిప్‌కి కరెంట్ అందించే సప్లై లైను) మీదకి ఎక్కుతుంది. మామూలు రెగ్యులేటర్ కరెంట్ ఇస్తుందే గానీ వెనక్కి తీసుకోదు, కాబట్టి రైలు పైకి లేచి బోర్డంతా ప్రమాదంలో పడుతుంది. పుల్-అప్‌కి వరసగా ఒక డయోడ్ పెడితే ఈ దారి మూసుకుపోతుంది.

ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని కాంతి ద్వారా దాటించి రెండు వైపుల్నీ విడిగా ఉంచేది) పెడితే అన్నీ తీరిపోతాయనే మాట నేను ఒప్పుకోను. రెండు వైపులా ఒకే గ్రౌండ్ వాడితే అది విడదీసేది ఏమీ లేదు, పైగా లోపలి ఎల్ఈడీ తిరగబడిన వోల్టేజ్ తగిలితే ఐదారు వోల్టులకే పాడవొచ్చు కాబట్టి దానికి అడ్డంగా ఇంకో డయోడ్ కావాలి. గ్రౌండ్ సంగతికొస్తే, బండి బాడీని రిటర్న్‌గా (కరెంట్ వెనక్కి వచ్చే దారిగా) వాడొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు 200 ఆంపులు 5 మిల్లీఓమ్‌ల తుప్పు జాయింట్ గుండా పోతే అక్కడే 1 వోల్టు తేడా. స్విచ్చి దాకా రెండో వైరు వేసి, రెండూ మెలిపెట్టి తీసుకురండి. మీ చేతిలో ఉన్న రిలేలకి కాయిల్ మీద డయోడ్ పెట్టడం కూడా మర్చిపోవద్దు.

సాఫ్ట్‌వేర్ వీటన్నిటి తర్వాతే. తలుపు స్విచ్చికి ఇంటరప్ట్ (పిన్ను మారగానే ప్రోగ్రామ్‌ని ఆపి పిలిచే ఏర్పాటు) అక్కర్లేదు, 5 మిల్లీసెకన్లకోసారి చదివి వరసగా నాలుగుసార్లు ఒకేలా ఉంటేనే నమ్మితే సరిపోతుంది. పరీక్షించడానికి, డయోడ్ లేని రిలే కాయిల్‌ని దాని సొంత కాంటాక్టు గుండానే కలిపి గిలగిలా కొట్టుకునేలా చేసి, ఆ వైరుని మన ఇన్‌పుట్ వైరుకి ఒక మీటరు పొడవునా ఆనించి కట్టండి. ఫిల్టర్ దాటి ఎన్ని తప్పుడు నొక్కులు వస్తున్నాయో ప్రోగ్రామ్‌లో లెక్కపెట్టించండి. ఆ లెక్క సున్నా కాకపోతే ముందు కెపాసిటర్ గ్రౌండ్ దారి పొడవు చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.