నాన్న ఆర్‌ఎక్స్ 100కి నేను పెట్టిన పద్నాలుగు చిల్లులు

పోయిన ఆదివారం మా మేనల్లుడు వచ్చి, "మావయ్యా, నీ దగ్గర గ్రైండర్ ఉందిగా, ఒక్క పూట ఇస్తావా?" అన్నాడు. ఎందుకురా అంటే సైలెన్సర్ కొయ్యాలట. వాడిది 150 సీసీ బండి, కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు. సౌండే లేదంటాడు. ఎవరో కుర్రాడు పెరట్లో కూర్చుని, ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే బెండు పైపు కోసి, లోపలున్నది పీకేసి, మళ్ళీ వెల్డింగ్ పెట్టించుకున్న వీడియో కూడా ఫోన్లో చూపించాడు.

గ్రైండర్ ఇవ్వలేదు. అటకెక్కి పాత గోనెసంచిలోంచి ఒక ఇనప గొట్టం తీసి వాడి చేతిలో పెట్టాను. దాని నిండా చిల్లులే. కొన్ని కంపెనీ పెట్టినవి, పద్నాలుగు నేను పెట్టినవి.

అది మా నాన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి బఫుల్, అంటే సైలెన్సర్ లోపల ఉండి చప్పుడు తగ్గించే గొట్టం.

2007 ఎండాకాలం. ఇంటర్ పరీక్షలు అయిపోయి తెనాల్లో ఇంటిపట్టునే ఉన్నాను. నాన్నది 93 మోడల్ బండి. రోజూ దానిమీదే బడికి వెళ్ళొచ్చేవాడు. ఆ బండి చప్పుడు వీధి మొదట్లో వినపడగానే అమ్మ కంచం కడగడానికి లేచేది. నాకు మాత్రం ఆ చప్పుడు చాలేది కాదు. ఆర్‌ఎక్స్ అంటే గుండెకి తగలాలి కదా, మనది జలుబు చేసినట్టు మూలుగుతోందేమిటని బాధ.

నాన్న మధ్యాహ్నం నిద్రలో ఉండగా సైలెన్సర్ చివర కింద ఉన్న చిన్న బోల్టు విప్పి, పటకారుతో పట్టుకుని బఫుల్ లాగాను. ఓ పట్టాన రాలేదు. వచ్చాక చూస్తే తారు పూసినట్టు నల్లగా, జిగురుగా ఉంది. గుడ్డతో పైపైన తుడిచి, పక్కింట్లో పనిచేస్తున్న వడ్రంగి మేస్త్రిని అడిగి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాను. పద్నాలుగు చిల్లులు పెట్టి బిగించి కిక్కు కొట్టాను. సౌండ్ పెరిగింది గానీ నా ఆశ తీరలేదు. మర్నాడు బఫుల్ పూర్తిగా తీసేసి, గాలి బాగా పీలుస్తుందని ఎయిర్ ఫిల్టర్‌లో స్పాంజి కూడా తీసేశాను.

అప్పుడొచ్చింది సౌండ్! వీధిలో కుక్కలన్నీ లేచాయి. ఆ సాయంత్రం నాన్న ఇంటికొస్తే అమ్మ లేవలేదు. ఎవరి బండో అనుకుందట. కంచం పెట్టలేదేమని నాన్న అడిగాక గానీ ఆయనొచ్చిన సంగతి ఆమెకి తెలియలేదు. బండి పెట్టే చోట సున్నం వేసిన గోడ ఉండేది. రెండు రోజుల్లో దానిమీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు పడ్డాయి. పెట్రోలుతోబాటు ఇంజన్లోకి వెళ్ళే టూటీ ఆయిలు, కాలకుండా మిగిలింది అది. బఫుల్ ఉన్నప్పుడు అక్కడ ఆగేది, ఇప్పుడు నేరుగా గోడకి కొడుతోంది.

నాలుగో రోజు గుంటూరు వెళ్ళి మిట్టమధ్యాహ్నం తిరిగొస్తున్నాను. నారాకోడూరు దాటాక రోడ్డు ఖాళీగా కనపడితే యాక్సిలరేటర్ చివరికంటా తిప్పి పట్టుకున్నాను. ఉన్నట్టుండి కీచుమని ఇంజన్ పట్టేసింది, వెనక చక్రం ఆగిపోయి బండి జారింది. క్లచ్ నొక్కాలని ఎలా తట్టిందో తెలియదు. అది నొక్కబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను.

మెకానిక్ బాబాయ్ ముందు స్పార్క్ ప్లగ్గు విప్పాడు. కాఫీపొడి రంగులో ఉండాల్సింది సున్నంలా తెల్లగా ఉంది. "గాలి ఎక్కువైంది, పెట్రోలు చాల్లేదు, వేడెక్కి పిస్టన్ పట్టేసింది" అన్నాడు. ఆ తర్వాత నేలమీద సుద్దతో గీసి చెప్పిన మాట ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండికి పొగ బయటికి వదిలే వాల్వు ఉండదు. సిలిండర్ గోడకున్న ద్వారాన్ని పిస్టనే తెరుస్తుంది, పిస్టనే మూస్తుంది. అది తెరిచి ఉన్న కాసేపట్లో పొగతోబాటు కాలని పెట్రోలూ బయటికి జారుతుంది. సైలెన్సర్‌ని మధ్యలో లావుగా, చివరికి సన్నగా చేసింది అందుకే. లోపల కొట్టుకున్న అల వెనక్కి తిరిగొచ్చి ఆ పెట్రోల్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. 98 సీసీ ఇంజన్ 11 హార్స్‌పవర్ ఇస్తోందంటే అందులో ఆ గొట్టానికీ వాటా ఉంది. "నువ్వు పీకింది సైలెన్సర్ ముక్క కాదురా అబ్బాయ్, ఇంజన్ ముక్క" అన్నాడు.

సిలిండర్ లోపలి గోడని కాస్త గీకించి (బోరు కొట్టించడం అంటారు), పెద్ద సైజు పిస్టన్ వేయించాల్సి వచ్చింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పదకొండు రోజులు బస్సులో తిరిగాడు. తిట్టినా బాగుండేది.

నా బఫుల్ ఇక పనికిరాదని బాబాయ్ పాత సామాన్లలోంచి ఇంకొకటి వెతికి ఇచ్చాడు. అదీ నల్లగా మూసుకుపోయి ఉంది. ఇంటికెళ్ళి నువ్వే శుభ్రం చెయ్యమన్నాడు. ఇనప బకెట్లో నీళ్ళు పోసి, అందులో కొంచెం కొంచెంగా కాస్టిక్ సోడా వేశాను. నీళ్ళే సోడా మీద పోస్తే పైకి చిమ్ముతుంది, చేతులకి తొడుగులు లేకుండా దాని జోలికి వెళ్ళకూడదు. బఫుల్‌ని రాత్రంతా అందులో నానబెట్టి, తెల్లారి ఇనప బ్రష్షుతో రుద్దుతుంటే మసి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద ఒక్కొక్కటిగా చిల్లులు బయటపడ్డాయి. వరసగా, ఒకే కొలతలో, కంపెనీ పెట్టినవి.

చేతిలో బ్రష్షు అలాగే ఆగిపోయింది. నాన్న బండికీ ఇవే చిల్లులు ఉండాలి. పద్నాలుగేళ్ళ మసి వాటిని మూసేస్తే బండికి గొంతు లేదనుకుని నేను కొత్తవి పొడిచాను. నాకు కావలసిన సౌండ్ మొదట్నుంచీ అందులోనే ఉంది.

అది బిగించి కిక్కు కొడితే ఎంత హాయిగా మోగిందో! గట్టిగా కాదు, తేటగా. కింది గేర్లలో లాగుడు కూడా తిరిగొచ్చింది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. వాడిది వాల్వులుండే ఫోర్ స్ట్రోక్ ఇంజన్, నా కథ వాడి బండికి అచ్చంగా సరిపోదు, ఆ సంగతీ చెప్పాను. వాడు కోద్దామనుకున్న పైపులో తేనెపట్టు లాంటి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దానిమీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత. విషవాయువుల్ని విరిచేది అదే. పక్కనే ఆక్సిజన్ సెన్సర్. ఎంత పెట్రోలు కొట్టాలో ఇంజన్ కంప్యూటర్ దాన్ని చూసే లెక్కేసుకుంటుంది. సెన్సర్‌ని కదిపితే ఆ లెక్క తప్పుతుంది. నడుస్తుండగా స్విచ్ కట్టేసి టపటపా పేల్చే ఆట ఇంకా ప్రమాదం. కాలని పెట్రోలు వెళ్ళి ఆ వేడి తేనెపట్టులో అంటుకుంటుంది.

చట్టం సంగతీ చెప్పాను. 80 నుంచి 175 సీసీ దాకా బళ్ళకి కంపెనీలో తయారయ్యేటప్పుడే 77 డెసిబెల్స్ పరిమితి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద పట్టుకుంటే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలలు లైసెన్సు పోతుంది. వాడు ఇవేవీ పెద్దగా పట్టించుకోలేదు. బఫుల్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఏవి కంపెనీవి, ఏవి నావి అని చూస్తూ కూర్చున్నాడు. నావి వంకరగా ఉంటాయి, ఇట్టే తెలుస్తాయి.

"తాతయ్య నిజంగా ఏమీ అనలేదా?" అన్నాడు.

"అనలేదు."

పైపు ఇంకా కొయ్యలేదు. వచ్చే ఆదివారం ఆర్‌ఎక్స్ ప్లగ్గు విప్పి రంగు చూడటం నేర్పమన్నాడు.