కోళ్ల గూటికి గాలి ఆడేలా చేసుకున్నాం – నా అనుభవం

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందాం అనుకునేవాళ్లు గూడు దగ్గర ముందు చూసేది తలుపు గట్టిగా పడుతుందా, పిల్లి దూరే సందేమైనా ఉందా అని. చుట్టాల నుంచి మాకు వచ్చిన చెక్క గూడు ఆ లెక్కన చాలా బాగుంది. నాలుగు వైపులా పలకలు, పైన రేకు, ముందువైపు గాజు బిగించిన చిన్న కిటికీ. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఇరుకు లేకుండా పడుకునేంత చోటు ఉంది. గాలి పోవడానికి మాత్రం దారి లేదు.

చలి ముదిరాక ఆ సంగతి తెలిసింది. తెల్లవారుజామున తలుపు తీయగానే ముక్కు మండేలా ఘాటు వాసన. రేకు అడుగున చెయ్యి పెడితే తడి, అక్కడక్కడా చుక్కలు వేలాడుతూ కనిపించేవి. రాత్రిళ్లు కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర కింద పరిచిన ఊక అట్ట కట్టేసింది. ఒక పెట్ట కంట్లో నురగ కట్టి, ఆ కన్ను సగం మూసుకునే తిరిగేది. రాత్రిళ్లు తుమ్ములు కూడా వినపడేసరికి టెన్షన్ మొదలైంది. పశువుల డాక్టరుగారు కంటికి మందు రాసిచ్చి, "ఇది వాడండి. దాంతోపాటు రేపు పొద్దున్నే గూట్లోకి తల పెట్టి, కోడి ఎత్తులో ఒకసారి గాలి పీల్చి చూడండి" అన్నారు.

ఆ మాట విలువ చేసి చూస్తేనే తెలుస్తుంది. మనం నిలబడి చూసేటప్పుడు వాసన అంతగా అనిపించదు, వంగి ఊక దగ్గరికి వెళ్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పైగా మన ముక్కు కాసేపటికే వాసనకి అలవాటు పడిపోతుంది కాబట్టి తలుపు తీసిన ఆ మొదటి క్షణంలో అనిపించిందే నమ్మాలి. అది అమోనియా. కోడి రెట్టలో ముప్పాతిక వంతు దాకా నీరే ఉంటుంది. ఆ తడిలో బాక్టీరియా రెట్టలోని యూరిక్ యాసిడ్‌ని అమోనియాగా మారుస్తుంది. కోళ్ల షెడ్లలో ఇది 25 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు, దాటకూడదంటారు. ఎక్కువైతే కళ్లు దెబ్బతింటాయి. శ్వాసనాళం లోపల దుమ్మునీ క్రిముల్నీ బయటికి నెట్టే సన్నని నూగు కూడా పాడవుతుంది. అది పోయాక ఏ జబ్బయినా సులువుగా పట్టుకుంటుంది.

గూటికి కన్నాలు పెడతాం అనగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ఈ చలికి కోళ్లు బతకవని. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ కోడికి చలికంటే తేమతో కూడిన చలి ప్రమాదం. ఈకలు పొడిగా ఉంటే వాటి మధ్య నిలిచే గాలే ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. గడ్డకట్టే చలి ఉండే చోట్ల, తేమ నిండిన గూట్లో ఉన్న కోళ్లకి తురాయి కొనలు త్వరగా చచ్చుబడిపోతాయి. కాబట్టి తేమ బయటికి పోవాలి, పడుకున్న కోడి ఒంటికి మాత్రం గాలి కొట్టకూడదు. ఈ రెండూ వేరువేరు పనులని తెలిశాక ఎక్కడ కొయ్యాలో సులువుగా తేలింది.

వెచ్చటి తడి గాలి పైకే పోతుంది. అందుకని కర్ర మీద కూర్చున్న కోళ్ల తలలకంటే బాగా పైన, చూరు కింద, రెండు పొడుగు గోడలకీ ఆ చివర నుంచి ఈ చివర దాకా పై పలక తీసేశాం. చూరు బయటికి వచ్చి ఉండటంతో మామూలు వానకి తడవదు. ఎంత ఖాళీ ఉండాలి అంటే, కోడికి ఒక చదరపు అడుగు అనేది చాలామంది చెప్పే లెక్క. చూరు కింది ఖాళీ, తర్వాత గాజు తీసేసిన కిటికీ కలిపి మేం దానికి దగ్గరగా వచ్చాం.

ఖాళీలకి అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్, అంటే తీగలు ఒకదానికొకటి అతికిన గట్టి ఇనుప జాలీ, బిగించాం. ఇక్కడ మాత్రం రాజీ పడొద్దని గట్టిగా చెప్తాను. ఆరు మూలల కన్నాలుండే పల్చటి కోళ్ల వల కోడిని లోపల ఆపుతుందేమో గానీ కుక్కనీ ముంగిసనీ బయట ఆపలేదు. పిన్నులు కొట్టి వదిలేయకుండా, మెష్ అంచు మీద చెక్క బద్ద పెట్టి స్క్రూలు బిగించాలి.

తర్వాత ఊలు పోగులు కట్టి చూశాం. ఈ పని నాకు బాగా నచ్చింది. కొన్ని చూరు కింద, కొన్ని కర్ర మీద కోడి తల ఉండే ఎత్తులో వేలాడదీసి, గాలి వీచే సాయంత్రం తలుపు మూసి కిటికీ గాజులోంచి చూశాను. పైవి ఊగుతున్నాయి. కర్ర దగ్గరివి కదలకుండా ఉన్నాయి, ఎడమ చివర ఒక్కటి తప్ప. అది అదేపనిగా పక్కకి లేస్తోంది. వెనకాల వేళ్లతో తడిమితే రెండు పలకల మధ్య సందులోంచి గాలి సరిగ్గా కర్ర ఎత్తులోనే తగులుతోంది. కన్ను బాగాలేని పెట్ట రోజూ పడుకునేది ఆ మూలే. సందు మీద బద్ద కొట్టగానే పోగు ఊగడం ఆగింది.

ఎండాకాలానికి లెక్క తిరగబడుతుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీలు, చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టిందంటే వేడికి తట్టుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఒంటికి గాలి తగలడమే దానికి మేలు. అందుకే కిటికీ గాజు తీసి మెష్ వేశాం, గోడ అడుగున కూడా ఒక మెష్ కిటికీ పెట్టి రెండింటికీ బందులతో తలుపులు అమర్చాం. ఎండల్లో అవి తెరిచే ఉంటాయి, చలికాలం రాత్రిళ్లు మూస్తాం. చూరు కింది ఖాళీలు మాత్రం ఏ కాలంలోనూ మూయం. ఈదురుగాలికి జల్లు లోపలికి కొట్టే వైపు టార్పాలిన్ కట్టమని సలహా ఇచ్చారు గానీ, అది కడితే గాలి కూడా ఆగిపోతుంది. అందుకని బయటివైపు ఏటవాలుగా ఒక పలక బిగించాం.

అట్ట కట్టిన ఊకంతా ఎత్తేసి కొత్తది పోశాం, నీళ్ల గిన్నె బయటికి మార్చాం. ఊక గుప్పెట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టి అలాగే ఉండిపోకూడదు, వేళ్లు విప్పగానే విడిపోవాలి. ఇప్పుడు పొద్దున రేకు అడుగు పొడిగా ఉంటోంది, తుమ్ములు ఆగాయి. పెట్ట కన్ను కూడా నయమైంది. అందులో మందు పాలెంతో గాలి పాలెంతో విడదీసి చెప్పలేను.

మెష్ పెట్టాక ఒక పని కొత్తగా తోడైంది. కోళ్ల ఒంటి నుంచి రాలే పొడి, నూగు ఈకలు, సాలెగూళ్లు కలిసి అరంగుళం కన్నాలని మెల్లగా కప్పేస్తాయి, దూరం నుంచి చూస్తే తెరిచి ఉన్నట్టే కనపడతాయి. ఊక మార్చినప్పుడల్లా, కోళ్లని బయటికి వదిలాక, ముక్కుకి గుడ్డ కట్టుకుని పాత పెయింటు బ్రష్‌తో ఆ కన్నాలని దులుపుతున్నాం.