పాలమూరు పిల్లలమర్రి: ఊడలు చూసి రండి

పిల్లలమర్రి అంటే రెండున్నాయి. సూర్యాపేట పక్కనున్నది కాకతీయుల నాటి గుళ్లున్న ఊరు. మేం వెళ్లింది మహబూబ్‌నగర్ మర్రి దగ్గరికి. హైదరాబాద్ నుంచి జడ్చర్ల మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ ఊళ్లో నుంచి ఇంకో నాలుగు కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. ఎండాకాలమైతే పొద్దున్నే చేరుకోవాలి. చెట్టు కింద చల్లగానే ఉంటుంది గానీ, మ్యూజియం, గుడి చూసేసరికి పాలమూరు ఎండ మాడ్చేస్తుంది.

దాదాపు 700 ఏళ్ల చెట్టంటారు, మూడెకరాల దాకా పరుచుకుంది. తల్లిమాను ఏదని వెతకడం దండగ. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో నాటుకుని, లావెక్కి, అవే మాన్లయ్యాయి. ఆ పిల్ల మాన్ల మీదే చెట్టు నిలబడింది, పేరూ అట్లానే వచ్చింది. ఊడ నేలను తాకనంత కాలం కొమ్మకు బరువే తప్ప ఆసరా కాదు. చూడొచ్చిన పిల్లలు పట్టుకుని ఊగినా, కొస తుంచినా అది కిందికి దిగడం ఆగిపోతుంది. పైన కొమ్మ మాత్రం ఏటేటా బరువెక్కుతూనే ఉంటుంది.

2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగి పడింది. లోపల చెదలు తినేశాయి. సందర్శకులను ఆపేసి అటవీ శాఖ వైద్యం మొదలుపెట్టింది. మానుకు రంధ్రాలు చేసి క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు పోస్తే మందు లోపల నిలవక బయటికి కారిపోయింది. అప్పుడు 2018లో ఆ మందునే పలచన చేసి సెలైన్ సీసాల్లో నింపి, సుమారు రెండు మీటర్లకొకటి చొప్పున వందల సీసాలు కొమ్మలకు వేలాడదీశారు. చుక్కచుక్కగా పడితేనే చెక్కలోకి ఇంకుతుంది మరి. వేళ్లకూ పలచటి మందే పోశారు. వాలిన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టారు.

నాకు అన్నిటికంటే తెలివైన పనిగా కనిపించింది ప్లాస్టిక్ పైపులది. లేత ఊడను మట్టీ ఎరువూ నింపిన పైపులోకి దించి నేల దాకా నడిపించారు. పైపులో తడి ఉంటుంది, ఎవరి చెయ్యీ తగలదు. కాంక్రీటు దిమ్మె కొమ్మను మోస్తుందంతే, ఊడ నాటుకుంటే మోయడంతో పాటు తిండీ పెడుతుంది. చెట్టు చుట్టూ బండలు పరవడం మాత్రం ఎక్కడైనా తప్పే. వేళ్లకు గాలీ నీళ్లూ అందవు, నేల గట్టిపడి ఊడ దిగినా నాటుకోదు.

ఆవరణలోని రాజరాజేశ్వరాలయం ఇక్కడిది కాదు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోవాల్సిన ఈర్లదిన్నె గుడిని విప్పి 1980ల తొలినాళ్లలో ఇక్కడ మళ్లీ కట్టారు. పక్కనే పురావస్తు మ్యూజియం, చిన్న జింకల పార్కు ఉన్నాయి. పిల్లలుంటే అక్కడ గంట గడిచిపోతుంది. చెట్టు కింద ఒక దర్గా కూడా ఉంది.

మాన్ల మీద సన్నటి మట్టిగీతలు పైకి పాకుతూ కనిపిస్తే అవి చెదల దారులు. గోకి చూడకండి, అక్కడున్న సిబ్బందికి చూపించండి.