ఖాళీ బాటిళ్ల మెషీన్ వెనకాల

జర్మనీకి మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది సూపర్‌మార్కెట్లలో పార్ట్‌టైమ్ చేస్తారు. నాకు దొరికింది ఖాళీ బాటిళ్ల మెషీన్ వెనకాల పని. ఇక్కడ బాటిల్ కొన్నప్పుడు ధరతో పాటు కొంత డబ్బు డిపాజిట్‌గా కడతాం, ఖాళీది తెస్తే అది తిరిగొస్తుంది. ముందువైపు జనం గుండ్రటి కంతలో బాటిల్ పెడతారు. స్కానర్ బార్‌కోడ్ చదువుతుంది, చివర్లో చీటీ వస్తుంది. కౌంటర్‌లో ఆ చీటీ ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, లేదా డబ్బే చేతికిస్తారు. కొత్తగా వచ్చేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: బాటిల్ నలిపినా, లేబుల్ చింపినా మెషీన్ తీసుకోదు.

గోడకు ఇవతల మేముంటాం. ఒక్కసారి వాడే బాటిళ్లు, డబ్బాలు లోపలికి రాగానే నలిగిపోతాయి, మళ్లీ తెచ్చి రెండోసారి డబ్బు అడగడానికి వీల్లేకుండా. కడిగి మళ్లీ నింపే గాజు సీసాలు, దళసరి ప్లాస్టిక్ బాటిళ్లు మాత్రం బల్ల మీదికొస్తాయి. వాటిని రకాలవారీగా క్రేట్లలో సర్దాలి. బీరు, జ్యూసు కారి చేతులు జిగటగా ఉంటాయి. ఆదివారం షాపులుండవు కాబట్టి శనివారం మాకు ఊపిరాడదు.

2003లో ఒక్కసారి వాడే బాటిళ్లకు ఈ డిపాజిట్ మొదలైంది. ఇప్పుడు బాటిల్‌కి 25 సెంట్లు. 2022లో జ్యూసులు, 2024లో పాల బాటిళ్లూ చేరాయి. మళ్లీ నింపేవాటికి తక్కువే, బీరు సీసాకి 8 సెంట్లు. డిపాజిట్ ఉన్న బాటిళ్లు వందకి 95కి పైనే తిరిగొస్తాయి. పెరుగు కప్పులు, కవర్లు మాత్రం ఇళ్లలో ప్యాకింగ్ చెత్త వేసే పసుపు సంచిలోకి వెళ్తాయి. వాటిలో చాలా భాగాన్ని చివరికి కాల్చేస్తారు. ఒకే ఇంట్లోంచి వచ్చిన ప్లాస్టిక్‌కి ఇంత తేడా ఎందుకంటే, బాటిల్‌కి వెల ఉంది, తిరిగి తీసుకోవాల్సిన బాధ్యత కొట్టుకి ఉంది. 200 చదరపు మీటర్లు దాటిన షాపు, తాను అమ్మే రకం ప్లాస్టిక్, గాజు, డబ్బాల్లో ఒక్కసారి వాడేవి ఎక్కడ కొన్నవైనా తీసుకోవాల్సిందే.

ఇక్కడి మనుషులు మనకంటే శుభ్రమైనవాళ్లని మావాళ్లు కొందరు అంటుంటారు. నేనొప్పుకోను. చిన్నప్పుడు మా ఊరి కొట్లో కూల్‌డ్రింక్ సీసా వెనక్కివ్వకపోతే డిపాజిట్ పోయేది, అందుకే ఏ సీసా కాలవలో పడేది కాదు. తమిళనాడు నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగిస్తున్నారు. మంచినీళ్ల బాటిళ్లకూ అలాగే పెట్టి, అమ్మిన కొట్టే వెనక్కి తీసుకునేలా చట్టం తెస్తే, మన బస్టాండుల్లోనూ అవి తిరిగొస్తాయని ఈ మెషీన్ వెనక నిలబడి నాకు గట్టిగా అనిపిస్తుంది.